పికప్ ట్రక్కులో సొంత గాలి కంప్రెసర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నా పికప్‌లో వెనక సీటు కింద ఒక కంప్రెసర్, బాడీ పక్కన ఒక గాలి ట్యాంకు ఉన్నాయి. ఎక్కడ బండి ఆపినా ఎవరో ఒకరు వంగి చూసి ఇవే సందేహాలు అడుగుతారు. ఫోన్లో చెప్పిందే పదిసార్లు చెప్పాక ఇక రాసి పెట్టడమే మేలనిపించింది. ఇందులో ఎక్కువ భాగం 12 వోల్టుల పికప్‌ల గురించి. ఎయిర్ బ్రేకులున్న లారీల సంగతి వేరు కాబట్టి వాటికి విడిగా ఒక భాగం ఉంది.

## కొనడానికి ముందు

బంకులో గాలి ఫ్రీయే కదా, ఇదంతా ఎందుకు?

టౌన్లో తిరిగే బండికి అవసరం లేదు, దండగ ఖర్చు. పొలాల్లోకి, ఇసుకలోకి, అడవి దారుల్లోకి దిగే బండికే దీనితో పని. గోదావరి లంకల్లో ఇసుక మీద నడపాలంటే 34 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరును 18, 20 దాకా దించాలి. అప్పుడు టైరు పరుచుకుని బండి కూరుకుపోదు. దించడం సులువే. మళ్లీ రోడ్డెక్కాక బంకు దాకా ఆ తక్కువ గాలితో పోవడమే కష్టం. వేగంగా పోతే టైరు పక్కగోడలు వేడెక్కి చెడతాయి. ఇంకో వాడకం నేను అనుకోనిది: కోతల కాలంలో మా ఊళ్లో హార్వెస్టర్ రేడియేటర్‌లో ఊక, గడ్డి దుమ్ము పేరుకుపోతే శుభ్రం చేయడానికి నన్నే పిలుస్తారు.

సిగరెట్ లైటర్‌లో గుచ్చే చిన్న పంపు ఉంది. అది చాలదా?

ఏడాదికి రెండు మూడుసార్లు తగ్గిన గాలి సరిచేసుకోవడానికి చాలు. ఆ సాకెట్‌కు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, అంటే ఆ పంపుకు దొరికే శక్తి 120 నుంచి 180 వాట్లు. పికప్ టైర్లు నాలుగూ ఖాళీ చేసి మళ్లీ నింపాలంటే అది మధ్యలోనే వేడెక్కి మొరాయిస్తుంది.

డబ్బా మీద సీఎఫ్ఎం అని రాస్తారు. నాకు ఎంత కావాలి?

అది నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి ఇస్తుందో చెప్పే లెక్క. ఒక సీఎఫ్ఎం అంటే నిమిషానికి సుమారు 28 లీటర్లు. పెద్దక్షరాలతో వేసే అంకె సున్నా ఒత్తిడి దగ్గరది, అంటే పైపు చివర టైరు లేనప్పటిది. మీరు చూడాల్సింది 30 పీఎస్ఐ దగ్గర ఎంత ఇస్తుందన్నది.

18 అంగుళాల రిమ్ ఉన్న పికప్ టైరులో సుమారు 60 లీటర్ల చోటు ఉంటుంది. దాన్ని 20 నుంచి 34 పీఎస్ఐకి తేవాలంటే బయటి గాలి 57 లీటర్ల దాకా లోపలికి పంపాలి. నాలుగు టైర్లకు 230 లీటర్లు. నిమిషానికి 50 లీటర్లు ఇచ్చే కంప్రెసర్‌తో నాలుగైదు నిమిషాల పని. 25 లీటర్లదైతే తొమ్మిది, పది నిమిషాలు. పైపు ఒక టైరు నుంచి ఇంకో టైరుకు మార్చే సమయం దీనికి అదనం. నాకైతే 50కి తగ్గితే ఓపిక ఉండదు.

డ్యూటీ సైకిల్ 33 శాతం అంటే ఏంటి?

తిరిగిన సమయానికి రెట్టింపు విశ్రాంతి ఇవ్వాలని. పది నిమిషాలు నడిస్తే ఇరవై నిమిషాలు ఆపాలి. ఆ అంకెను ఫలానా ఒత్తిడి దగ్గర, చల్లని గది వాతావరణంలో కొలిచి వేస్తారు. రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎండలో అంత కూడా ఆశించకండి. మంచి కంప్రెసర్లలో వేడి మించితే తనంతట తనే ఆగిపోయే థర్మల్ కటాఫ్ ఉంటుంది. అది లేనిది ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

పెద్ద ట్యాంకు పెట్టి చిన్న కంప్రెసర్‌తో సరిపెట్టుకోవచ్చా?

నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. ట్యాంకు గాలిని తయారు చేయదు, దాచుకుంటుందంతే. 10 లీటర్ల ట్యాంకును 145 పీఎస్ఐ దాకా నింపారనుకోండి. టైరును 34కి తేవాలంటే ట్యాంకులో ఒత్తిడి 34కి పడేదాకా మాత్రమే గాలి బయటికి వస్తుంది. లెక్క కడితే పనికొచ్చేది 75 లీటర్లు. ఒక టైరు నిండుతుంది, రెండో టైరు మూడో వంతుకు ఆగిపోతుంది. మిగతాదంతా ఎటూ కంప్రెసరే చేయాలి. 20 లీటర్ల ట్యాంకు పెడితే ఇంకో టైరు కలిసొస్తుందేమో గానీ, ఖాళీ అయిన ఆ ట్యాంకును 145కి నింపడానికి చిన్న కంప్రెసర్ ఎక్కువసేపు, పైగా ఎక్కువ ఒత్తిడి మీద తిరగాలి. దాని ఆయుష్షు అక్కడే తరిగిపోతుంది. మా బావమరిది ఇలాగే ట్యాంకు పెద్దది కొని, కంప్రెసర్ దగ్గర పొదుపు చేశాడు. ఒక వేసవి దాటలేదు.

మరి ట్యాంకు లేకుండా బిగించుకోవచ్చా?

హాయిగా. టైర్లు నింపడమే పనైతే కంప్రెసర్, స్విచ్చు, పైపు చాలు. ట్యాంకు కావాల్సింది ఒక్కసారిగా ఎక్కువ గాలి అడిగే పనులకు: దుమ్ము ఊదే గన్ను, ట్యూబ్‌లెస్ టైరు అంచును రిమ్ మీద కూర్చోబెట్టడం, ఎయిర్ హారన్, బరువు మోయడానికి వెనక పెట్టే గాలి బుడగలు. వీటికి కూడా నాలుగు నుంచి పది లీటర్ల ట్యాంకు సరిపోతుంది. ముందు ట్యాంకు లేకుండా మొదలుపెట్టి, ఆరు నెలలు వాడి, అప్పుడు ఆలోచించండి.

పాత గ్యాస్ సిలిండర్‌ను ట్యాంకుగా వాడొచ్చా? ఆటోనగర్‌లో లారీ గాలి ట్యాంకు కూడా దొరుకుతోంది.

ఇంటి గ్యాస్ సిలిండర్ మీది కాదు, ఆయిల్ కంపెనీది. దాన్ని కోసి, అతికి వాడటం నేరం, ప్రమాదం రెండూ. పీవీసీ పైపుకు రెండు మూతలు పెట్టి ట్యాంకు చేసేవాళ్లను కూడా చూశాను. పీవీసీ పగిలితే చీలదు, ముక్కలై ఎగురుతుంది. దాని జోలికి వెళ్లొద్దు.

లారీ బ్రేకు ట్యాంకు మాత్రం గాలి కోసమే చేసింది కాబట్టి నయం. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ జిల్లా ఆటోనగర్‌లోనో తీసుకుంటే అడుగు భాగం చూడండి. నీళ్లు నిలిచి లోపలి నుంచి తుప్పు తినేది అక్కడే. బయట కొత్త పెయింటు మెరుస్తుంటే ఇంకా అనుమానించాలి. వెల్డింగ్ అతుకులున్నది వద్దు. తీసుకున్నాక నిండా నీళ్లు నింపి, చేతి పంపుతో పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి పరీక్షించాలి. నీళ్లతో పరీక్షిస్తే, పగిలినా నీళ్లు కారతాయంతే. గాలితో పరీక్షిస్తే బాంబే.

కారు ఏసీ కంప్రెసర్‌తో చేసుకోవచ్చని విన్నాను?

చేసేవాళ్లున్నారు. చాలా ఏసీ కంప్రెసర్లకు నూనె గ్యాస్‌తో పాటే తిరుగుతూ అందుతుంది. ఉత్త గాలి పీలిస్తే లోపల ఎండిపోయి పట్టేస్తాయి. నూనె చుక్కలు ఎక్కించే ఏర్పాటు, తర్వాత ఆ నూనెను గాలి నుంచి విడదీసే ఏర్పాటు చేయాలి. చేతినిండా తీరిక ఉన్నవాళ్ల సరదా అది.

డబ్బులు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవచ్చు?

సగానికి పైగా కంప్రెసర్ మీదే పెట్టండి. ఆ తర్వాత వైరు, ఫ్యూజు, రిలే (సన్న వైరు కరెంటుతో లావు వైరు కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు). గేజి, కప్లర్ (పైపును చటుక్కున తగిలించి తీసే జాయింటు), గాలి గన్ను మామూలు హార్డ్‌వేర్ షాపువే చాలు. చెడిపోతే ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు.

## ఎక్కడ బిగించాలి

బానెట్ కింద, సీటు కింద, ఛాసిస్ మీద: ఏది మంచిది?

బానెట్ కింద బ్యాటరీ దగ్గర కాబట్టి వైరు తక్కువ పడుతుంది, కానీ వేడి ఎక్కువ. వేడి గాలి పలచన, అందుకని కంప్రెసర్ ఇచ్చేదీ తగ్గుతుంది. ఛాసిస్ మీద చోటు బోలెడు, వేడి లేదు, బురద మాత్రం తప్పదు. సీటు కింద శుభ్రంగా, పొడిగా ఉంటుంది, చప్పుడు మాత్రం భరించాలి.

నేను మొదట ఛాసిస్ మీదే పెట్టాను. వర్షాకాలంలో ఒక చప్టా దాటుతుంటే నీళ్లు డోర్ల దాకా వచ్చాయి. ఆ పూట కంప్రెసర్ ఆడలేదు గానీ గాలి పీల్చే ఫిల్టర్‌లోంచి నీళ్లు దూరి, వారంలో లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కింద పెట్టక తప్పకపోతే ఫిల్టర్‌ను మాత్రం చిన్న పైపుతో సీటు ఎత్తుకు తెచ్చుకోండి. సైలెన్సర్ పైపుకు, డీజిల్ ట్యాంకుకు దూరంగా ఉంచండి. నూనె పోయనక్కర్లేని కంప్రెసర్లను నిలువుగానో అడ్డంగానో ఎలా బిగించినా నడుస్తాయి.

ఛాసిస్‌కు రంధ్రం వేయొచ్చా, వెల్డింగ్ పెట్టించొచ్చా?

రెండూ వద్దు. ఛాసిస్ మీద కంపెనీ వదిలిన రంధ్రాలు చాలానే ఉంటాయి. వాటికి సరిపడే బ్రాకెట్ చేయించుకోండి, లేదా యూ బోల్టులతో పట్టించండి. నైలాన్ లాక్ నట్టు వాడండి, కంప్రెసర్ కాళ్ల కింద రబ్బరు బుష్షులు పెట్టండి. గాలి ట్యాంకు మీద వెల్డింగ్ అసలే కూడదు. బండి మీద ఏ కారణంగా వెల్డింగ్ చేయించినా ముందు బ్యాటరీ వైర్లు విప్పించండి, లేకపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పోవచ్చు.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటాడా? వారంటీ పోతుందా?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చొద్దంటుంది. విప్పుకోగలిగే కంప్రెసర్ వల్ల ఆర్సీలో ఏదీ మారదు. సస్పెన్షన్ మార్చి గాలి బుడగలు పెట్టడం, హారన్లు తగిలించడం మాత్రం వేరే కథ. వారంటీ విషయంలో గొడవంతా వైరింగ్ దగ్గరే వస్తుంది. కంపెనీ వైర్లను కోసి కలపకుండా, నేరుగా బ్యాటరీ నుంచి మీ సొంత ఫ్యూజుతో లైను తెచ్చుకుంటే చూపించడానికి మీకూ ఒక మాట ఉంటుంది.

## వైరింగ్

వైరు ఎంత మందం వాడాలి? ఇంటి వైరింగ్‌లో మిగిలిన 2.5 ఉంది.

దాన్ని ఇంటికే ఉంచండి. ఒక మోస్తరు కంప్రెసర్ ఒత్తిడి మీద 30 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి వెనక సీటు దాకా నాలుగు మీటర్లనుకుంటే, వెళ్లి రావడానికి ఎనిమిది మీటర్ల రాగి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో దాదాపు 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. 4లో ఒక వోల్టు, 6లో 0.7, 10లో 0.4. ఇంట్లో 230 వోల్టుల్లో ఒకటిన్నర పోతే ఎవరికీ తెలియదు. 12లో పోతే మోటారు మూలుగుతుంది, ఒత్తిడి మీద మళ్లీ స్టార్ట్ కాలేక మొండికేస్తుంది.

నేను మొదటిసారి చేసింది ఆ తప్పే. మోటారు చెడిపోయిందనుకుని షాపుకు తీసుకెళ్లాను. అక్కడ బ్యాటరీకి నేరుగా పెడితే బ్రహ్మాండంగా తిరిగింది. ఇంటికొచ్చి చూస్తే రిలే సాకెట్ కరిగి అతుక్కుపోయి ఉంది. 10 వేసుకోండి. వైరు చివర తొడిగే లగ్గులు కటింగ్ ప్లేయరుతో నొక్కకుండా క్రింపింగ్ టూల్ ఉన్నవాడి చేత వేయించండి. ఎర్త్ వైరు కూడా అంతే మందం ఉండాలి. పెయింటు మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు, కింద మెటల్ కనిపించేలా గీకాలి.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలి? కంప్రెసర్ దగ్గరా, బ్యాటరీ దగ్గరా?

బ్యాటరీ దగ్గర, ప్లస్ నుంచి జానెడు దూరం లోపే. ఫ్యూజు కాపాడేది కంప్రెసర్‌ను కాదు, వైరును. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరు ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే ఆపేవాడు ఉండడు, మంటే. 30 ఆంపియర్లు లాగే దానికి 40 ఫ్యూజు సరిపోతుంది. ఊరికే ఎగిరిపోతోందని 60 వేయడం, వెండి కాగితం చుట్టడం లాంటివి మాత్రం చేయకండి.

రిలే, ప్రెషర్ స్విచ్చు ఎలా కలపాలి?

రిలే కింద అంకెలుంటాయి. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చే లావు వైరు 30కి. కంప్రెసర్‌కు వెళ్లే లావు వైరు 87 నుంచి. 85 ఎర్త్‌కు. ఇక 86కు సన్న వైరు: తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు నుంచి బయలుదేరి, డాష్‌బోర్డు స్విచ్చు, ఆ తర్వాత ప్రెషర్ స్విచ్చు దాటి 86కు చేరాలి. ఇలా చేస్తే డాష్‌బోర్డు స్విచ్చు మీదా ప్రెషర్ స్విచ్చు మీదా భారం పడదు. తాళం తీశాక కంప్రెసర్ దానంతట అది మొదలవదు. ప్రెషర్ స్విచ్చుల్లో బాగా వాడేది 110 దగ్గర ఆన్, 145 దగ్గర ఆఫ్ అయ్యేది. ట్యాంకు, పైపులు, ఫిట్టింగులు అన్నీ అంతకు మించి తట్టుకునేవై ఉండాలి.

ఇంజిన్ ఆఫ్‌లో వాడొచ్చా?

ఒక టైరుకైతే పర్వాలేదు. 30 ఆంపియర్లంటే బ్యాటరీకి చిన్న విషయం కాదు, పైగా డైనమో తిరుగుతుంటే వోల్టేజి 14 దగ్గర ఉండి కంప్రెసర్ కూడా చురుగ్గా నడుస్తుంది. ఇంజిన్ ఆన్ చేసి, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి వాడండి. మూసిన షెడ్డులో మాత్రం వద్దు.

## పైపులు, ఫిట్టింగులు

ఏది ముందు, ఏది తర్వాత?

కంప్రెసర్ నుంచి స్టీలు అల్లిక ఉన్న వేడి తట్టుకునే చిన్న పైపు, దాని చివర గాలి వెనక్కి రానివ్వని చెక్ వాల్వ్, తర్వాత ట్యాంకు. ట్యాంకుకు ప్రెషర్ స్విచ్చు, గేజి, సేఫ్టీ వాల్వ్, అన్నిటికన్నా కింద నీళ్లు వదిలే కాక్. ట్యాంకు దాటాక నీళ్లు పట్టే ఫిల్టర్, చివర కప్లర్. ప్రెషర్ స్విచ్చును చెక్ వాల్వ్‌కు ముందు పెడితే కంప్రెసర్ ఆగీ ఆగగానే మళ్లీ మొదలవుతూ ఉంటుంది. నీళ్ల ఫిల్టర్‌ను కంప్రెసర్ పక్కనే పెట్టినా దండగే. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీళ్లు ఆవిరిగానే దాటిపోతాయి. చల్లారేది ట్యాంకులో.

ఫిట్టింగ్ రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతోంది. మర పాడైందా?

పాడవలేదు, జత కుదరలేదు. బయటి నుంచి వచ్చే కంప్రెసర్లు, ట్యాంకులు చాలావరకు అమెరికా కొలత ఎన్‌పీటీ మరతో ఉంటాయి. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేది బ్రిటిష్ కొలత బీఎస్‌పీ. పావు అంగుళంలో ఎన్‌పీటీకి అంగుళానికి 18 చుట్లు, బీఎస్‌పీకి 19. మర కోణం కూడా ఒకదానికి 60 డిగ్రీలు, రెండోదానికి 55. చూపుకు కవలలే, కానీ బలవంతంగా తిప్పితే ఇత్తడి మర కోసుకుపోయి ఇక ఎన్ని చుట్లు టేపు వేసినా ఆగదు. అర అంగుళంలో ఇంకా మోసం. రెండిట్లోనూ 14 చుట్లే కాబట్టి చక్కగా బిగిసినట్టే ఉండి లీకవుతుంది. షాపుకు వెళ్లేటప్పుడు మీ ఫిట్టింగ్ జేబులో వేసుకెళ్లండి. ఒక్కచోట ఎన్‌పీటీ నుంచి బీఎస్‌పీకి మార్చే అడాప్టర్ పెట్టుకుంటే, అక్కడి నుంచి అంతా లోకల్ సామాను వాడుకోవచ్చు.

టెఫ్లాన్ టేపు చుట్టినా లీకే. ఎందుకు?

చుట్టే దిక్కు చూడండి. మర కొన మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు మూడు నాలుగు చుట్లు. ఎదురు తిప్పితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. మొదటి మర చుట్టు ఖాళీగా వదలాలి, లేదంటే టేపు తునకలు లోపలికి పోయి చెక్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. పుష్ ఫిట్టింగుల్లో పైపు దూరే వైపు టేపు వేయకూడదు. అక్కడ పైపును బ్లేడుతో నిటారుగా కోయడమే సీలింగ్.

పైపు ఏది కొనాలి?

కంప్రెసర్ మూతి దగ్గర ప్లాస్టిక్ ఏదీ వద్దు, అక్కడ వచ్చే గాలి చేయి కాలేంత వేడి. ట్యాంకు తర్వాత లైనుకు నైలాన్ పైపు బాగుంటుంది. టైర్లకు గాలి పట్టే చుట్టల పైపుకు పీయూ (పాలీయురేథేన్) చాలు. వెనక మూల టైరుకు అందేలా ముందే కొలుచుకోండి. సగం మంది పొట్టి పైపు కొని బండిని చుట్టూ తిప్పి పెట్టుకుంటుంటారు.

## మొదటిసారి ఆన్ చేసినప్పుడు

లీకు ఎలా కనిపెట్టాలి?

గిన్నెలు కడిగే సబ్బు నీళ్లు, పాత పెయింట్ బ్రష్షు. ట్యాంకు నిండా గాలి ఉండగా ఒక్కో జాయింటుకూ పూయండి, బుడగలు పైకి లేస్తాయి. బిగించాల్సి వస్తే ముందు గాలి మొత్తం వదిలేయండి. 145 పీఎస్ఐ మీద ఉన్న ఫిట్టింగ్ విరిగితే బుల్లెట్‌తో సమానం.

రాత్రి 145 ఉన్న గేజి పొద్దున 139 చూపిస్తోంది. లీకేనా?

కాకపోవచ్చు. గాలి చల్లారితే ఒత్తిడి పడుతుంది. సాయంత్రం 40 డిగ్రీల్లో 145 ఉన్నది తెల్లవారుజామున 28 డిగ్రీలకు వచ్చేసరికి లీకు లేకుండానే 139కి చేరుతుంది. మధ్యాహ్నం ఎండెక్కాక మళ్లీ 145 వైపు వెళితే నిశ్చింతగా ఉండండి. 100 దాకా దిగితే మాత్రం బ్రష్షు పట్టాలి.

సేఫ్టీ వాల్వ్ లేకపోతే ఏమవుతుంది? ప్రెషర్ స్విచ్చు ఉందిగా.

స్విచ్చు అతుక్కుపోయిన రోజున, లేదా రిలే అతుక్కుపోయిన రోజున, కంప్రెసర్‌ను ఆపేది ఏదీ ఉండదు. 145 దగ్గర ఆగే ఏర్పాటుకు 175 దగ్గర తెరుచుకునే వాల్వ్ పెట్టడం రివాజు. ట్యాంకు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడికి మించి ఉన్న వాల్వ్ పెడితే అలంకారమే. నెలకోసారి ఉంగరం లాగి బుస్సుమంటోందో లేదో చూడండి.

## వాడేటప్పుడు

నట్లు విప్పే గాలి గన్ను నడుస్తుందా?

అర అంగుళం ఇంపాక్ట్ గన్ను 90 పీఎస్ఐ దగ్గర నిమిషానికి వంద లీటర్లకు పైనే తాగుతుంది. మీ ట్యాంకు గాలితో రెండు మూడు నట్లు వదులవుతాయి, ఆ తర్వాత ఎదురుచూపులే. ఆ పనికి బ్యాటరీ గన్ను కొనుక్కోండి.

టైరు గాలి వేడి మీద కొలవాలా, చల్లగా ఉన్నప్పుడా?

చల్లగా. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉండేది ఆ లెక్కే. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది. రోడ్డు మీద వేడెక్కిన టైరులో నాలుగైదు ఎక్కువ కనిపిస్తే గాలి తీసేయకండి, పొద్దున చూస్తే తక్కువవుతుంది.

పని అయ్యాక ఒంటి మీద దుమ్ము ఊదుకోవచ్చా?

వద్దు. చర్మం మీది గాటులోంచి గాలి లోపలికి దూరితే ఆసుపత్రే గతి. కళ్లకు, చెవులకు మరీ ప్రమాదం. రేడియేటర్ ఊదేటప్పుడు కూడా కళ్లజోడు పెట్టుకోండి. దగ్గరగా పెట్టి ఊదితే సన్న రేకులు వంగిపోతాయి, జానెడు దూరం ఉంచండి.

ఎయిర్ హారన్ పెట్టుకుంటా, ఓకేనా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 119వ నిబంధన వేర్వేరు స్వరాలతో మోగే హారన్లను, చెవులు చిల్లులు పడేలా మోగే వాటిని వద్దంటుంది. చలానా సంగతి పక్కన పెట్టినా, ఊళ్లో స్కూటర్ మీద పోయే ముసలాయన వెనక అది మోగిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. నేను పెట్టను, అడిగినవాళ్లకు బిగించి ఇవ్వను.

## ఎయిర్ బ్రేకులున్న లారీలకు

లారీలో గాలి ఉంది కదా, ఇంకో కంప్రెసర్ ఎందుకు?

చాలావరకు అక్కర్లేదు. ఇంజిన్‌తో తిరిగే కంప్రెసర్ ఇచ్చే గాలి ముందు మా 12 వోల్టులది బొమ్మ. చాలా లారీల్లో అన్‌లోడర్ వాల్వ్ (ట్యాంకులు నిండాక మిగులు గాలిని బయటికి వదిలేది) లేదా డ్రయర్ (గాలిలో తేమ తీసేది) దగ్గర టైర్లకు గాలి పట్టడానికే ఒక మూతి ఇస్తారు, మూత విప్పి పైపు తగిలిస్తే సరి. మీ బండి మాన్యువల్లో ఎక్కడుందో చూడండి, లేదా పాత డ్రైవర్లను అడగండి.

క్యాబిన్ ఊడ్చే గాలి గన్ను కోసం బ్రేకు ట్యాంకు నుంచి టీ వేసి తీసుకోవచ్చా?

బ్రేకు ట్యాంకుల నుంచి ఎప్పుడూ తీయకండి. నాలుగు దారుల ప్రొటెక్షన్ వాల్వ్ మీద అంకెలు చూస్తే మామూలుగా 21, 22 సర్వీసు బ్రేకులవి, 23 పార్కింగ్ బ్రేకుది, 24 మిగతా అవసరాలది. మీ గన్నుకు గాలి ఆ 24 నుంచే రావాలి. అప్పుడు మీ పైపు తెగినా వాల్వ్ ఆ దారి మూసేసి బ్రేకుల గాలిని కాపాడుతుంది. పార్కింగ్ బ్రేకు స్ప్రింగుతో పడుతుంది, గాలితో వదులుతుంది. ఆ గాలి పోతే నడిరోడ్డు మీద చక్రాలు పట్టేస్తాయి. సర్వీసు బ్రేకు గాలి పోతే ఏమవుతుందో లారీ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఈ పని ఎయిర్ బ్రేకులు తెలిసిన మెకానిక్ చేతనే చేయించండి.

పికప్ కంప్రెసర్‌తో లారీ టైరు నింపొచ్చా?

10.00-20 టైరులో దాదాపు 140 లీటర్ల చోటు. ఖాళీ టైరును 100 పీఎస్ఐకి తేవాలంటే 950 లీటర్ల గాలి. చిన్న కంప్రెసర్ అంత ఒత్తిడి మీద ఆగకుండా తిరిగితే ఆ రోజే దాని ఆఖరి రోజు కావచ్చు. అంతకన్నా ముఖ్యం, రింగు ఉన్న రిమ్ము. రింగు సరిగ్గా కూర్చోకపోతే గాలి నిండేటప్పుడు ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. అలాంటి చక్రం పంక్చరు వేశాక ఇనుప బోనులో పెట్టి, దూరంగా పక్కకు నిలబడి, పొడుగు పైపుతో నింపే చోటే నింపించండి.

## ఆ తర్వాత

ట్యాంకులో నీళ్లు వస్తున్నాయి. ఎక్కడివి?

గాలిలోవే. కాకినాడ, విశాఖ లాంటి తీరంలో ఇంకా ఎక్కువ. వారానికోసారి, వానాకాలంలో వాడిన ప్రతిసారీ కింది కాక్ తిప్పి వదలండి. గోధుమ రంగులో వస్తే తుప్పు మొదలైందని అర్థం. అల్యూమినియం ట్యాంకైతే ఆ బెంగ తక్కువ.

కంప్రెసర్ ఆగకుండా తిరుగుతోంది, గేజి మాత్రం 90 దాటడం లేదు.

ముందు లీకు చూడండి. లీకు లేకపోతే గాలి పీల్చే ఫిల్టర్ విప్పి చూడండి, నల్లరేగడి దుమ్ములో తిరిగే బండికి నెలకే మూసుకుపోతుంది. అదీ బాగుంటే పిస్టన్ రింగు అరిగిందన్నమాట. మంచి కంపెనీలు రింగు, వాల్వ్ కిట్ విడిగా అమ్ముతాయి. కొనేటప్పుడే ఆ విడిభాగాలు దొరుకుతాయో లేదో అడిగి తెలుసుకోండి.

ఖాళీ ట్యాంకుకు బాగానే నడుస్తుంది. 110 దగ్గర మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు ఫ్యూజు పోతోంది.

ఒత్తిడి మీద లేవలేకపోతోంది. కంప్రెసర్ ఆగాక ఫిల్టర్ దగ్గర చెవి పెట్టండి. సన్నగా బుస వినిపిస్తే చెక్ వాల్వ్ పోయింది, ట్యాంకు గాలి వెనక్కి తంతోంది. బుస లేకపోతే, నడిచేటప్పుడు కంప్రెసర్ టెర్మినళ్ల దగ్గరే మీటరు పెట్టి వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గర 13.8, ఇక్కడ 12 ఉంటే తప్పు వైరుదో, లగ్గుదో, ఎర్త్‌దో.

బండి అమ్మేటప్పుడు విప్పుకోవచ్చా?

బోల్టులతో బిగించి, కంపెనీ వైర్లు కోయకుండా ఉంటే ఒక పూట పని. నేను ఇప్పటికి ఒక బండి నుంచి ఇంకోదానికి మార్చాను. బ్రాకెట్ ఒక్కటే కొత్తది చేయించాల్సి వచ్చింది. విప్పే ముందు ట్యాంకు గాలి వదలడం, బ్యాటరీ మైనస్ తీయడం మరవకండి. పాత బండి కొన్నాయన కంప్రెసర్ కూడా ఇస్తారా అని రెండుసార్లు అడిగాడు, ఇవ్వలేదు.